హాస్టల్ గది ఖాళీ చేసే తేదీ నుంచి వెనక్కి లెక్క

కొంచెం పెద్ద పోస్టు ఇది. మెస్ లైన్లో నిలబడి చదవకండి, రాత్రి తీరిగ్గా చదవండి.

మేము విశాఖపట్నంలో ఒక గిరిజన హాస్టల్లో ఉండి డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాం. ఒకే గదిలో ఐదుగురం. మా హాస్టల్లో పేర్ల కంటే మండలాలతోనే పిలుచుకుంటాం కాబట్టి ఇక్కడ కూడా అలాగే రాస్తాం. పెదబయలు, హుకుంపేట, జి.మాడుగుల, ముంచంగిపుట్టు, అనంతగిరి. ఐదుగురి ఇళ్ళలోనూ కాలేజీ మొహం చూసింది మేమే మొదట. రాస్తున్న చెయ్యి ఒకటే గాని పక్కన నలుగురు కూర్చుని "అది రాయి, ఇది తీసెయ్" అంటున్నారు. అందుకే మేము అనే రాస్తున్నాం.

జూలైలో కాలేజీ తెరిచిన వారంలో వార్డెన్ సారు అందరినీ మెస్ హాల్లో కూర్చోబెట్టి మాట్లాడారు. చివర్లో ఒక మాట అన్నారు. "థర్డ్ ఇయర్ వాళ్ళు ఏప్రిల్లో ఆఖరి పరీక్ష అయిన మూడో రోజుకి గదులు ఖాళీ చెయ్యాలి." ప్రతి ఏడూ చెప్పే మాటే. ముందు రెండేళ్ళూ మా చెవికి ఎక్కలేదు, అది వేరేవాళ్ళ సంగతి కదా. ఈసారి ఎక్కింది. ఆ రాత్రి గదిలో చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

మా క్లాసులో టౌను పిల్లలు "డిగ్రీ అవనీ, తర్వాత చూద్దాం" అంటారు. వాళ్ళు అనొచ్చు. డిగ్రీ అయిన మర్నాడు కూడా వాళ్ళకి అదే ఇల్లు, అదే నెట్, అదే పేపరు, అదే బస్టాపు ఉంటాయి. మనకి ఆఖరి పరీక్ష అయిన మూడో రోజు అన్నీ ఒకేసారి పోతాయి. వైఫై పోద్ది, లైబ్రరీ పోద్ది, మూడు పూటల తిండి పోద్ది, పరీక్షా కేంద్రానికి సిటీ బస్సులో వెళ్ళే వీలు పోద్ది, "ఒరే నోటిఫికేషన్ వచ్చింది చూశావా" అనే పక్క మంచం వాడు కూడా పోతాడు. ఇంటి దగ్గర తిండికి లోటుండదు, అది నిజం. కానీ మా ఐదు ఊళ్ళలో మూడు ఊళ్ళకి సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలి.

ఇది ఊహించి భయపడ్డది కాదు. మా గదిలోనే మాకు ముందు ఉన్న ఒక అన్న సంగతి చెప్తాం. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వాళ్ళ జీడీ కానిస్టేబుల్ రాత పరీక్ష పాసయ్యాడు. పరిగెత్తడంలో అన్నని మించినోడు మా హాస్టల్లో లేడు. హాస్టల్ ఖాళీ చేసి ఊరెళ్ళాడు. కాఫీ పనుల్లో పడి ఫోను రీచార్జి చెయ్యలేదు. సిగ్నలే లేనప్పుడు రీచార్జి ఎందుకు అనుకున్నాడట. 90 రోజులు వాడకపోతే నంబరు తీసేస్తారని తెలీదు. తీసేశారు. మెయిల్ తెరుద్దామంటే పాస్‌వర్డ్ మర్చిపోయాడు, ఓటీపీ ఆ పోయిన నంబరుకే వెళ్తాది. దేహదారుఢ్య పరీక్షకి పిలిచారన్న సంగతి అది అయిపోయిన 11 రోజులకి తెలిసింది. చదవక పోయింది కాదు, పరిగెత్తలేక పోయింది కాదు, ఒక రీచార్జికి పోయింది. అన్న ఇప్పుడు వేరే జిల్లాలో చేపల చెరువుల మీద కాపలా పని చేస్తున్నాడు. ఈ సంగతి రాయడానికి అన్నని అడిగాం. "రాయండిరా, ఇంకొకడికి అవ్వకూడదు" అన్నాడు.

అందుకే మేము మొదట ఏ ఉద్యోగం అని కూర్చోలేదు. వెంకట్రామా క్యాలెండర్ ఒకటి కొని, ఏప్రిల్ నెలలో ఖాళీ చేసే తేదీ మీద ఇంటూ పెట్టి, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టాం.

లెక్క మొదలుపెట్టగానే ఒక పెద్ద పొరపాటు బయటపడింది. మాలో ఇద్దరం డిగ్రీ మీద పడే రైల్వే ఉద్యోగాలకి ఇప్పుడే అప్లై చేద్దామని సిద్ధంగా ఉన్నాం. నోటిఫికేషన్ మొత్తం చదివితే గాని తెలీలేదు, దరఖాస్తు ఆఖరి తేదీకి డిగ్రీ పాసై ఉండాలి, రిజల్టు కోసం చూస్తున్నవాళ్ళు అప్లై చెయ్యకూడదు. అంటే ఫైనల్ ఇయర్లో ఉన్న మన దగ్గర ఉన్న అర్హత డిగ్రీ కాదు, ఇంటరే. మనసుకి కష్టంగానే ఉంటాది గాని కాగితం మీద అంతే. అప్పుడు క్యాలెండర్ మీద రెండు రంగులు వాడాం. టెన్త్, ఇంటర్ మీద ఇప్పుడే వెయ్యగలిగినవి నీలం: రైల్వే లెవెల్ 1 పోస్టులు, ఇంటర్ మీద వచ్చే రైల్వే క్లర్కు పోస్టులు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ఎంటీఎస్, సీహెచ్‌ఎస్‌ఎల్, జీడీ, మన పోలీసు కానిస్టేబుల్. డిగ్రీ చేతికొచ్చాక వెయ్యాల్సినవి ఎరుపు. అప్పటి నుంచి "ఏదో ఒకటి వేసేద్దాం" అన్న గాభరా సగం తగ్గింది.

తర్వాత కాగితాలు. ఇది అందరూ శ్రద్ధగా చదవండి, మా నెలలు ఎక్కువ పోయింది ఇక్కడే.

పెదబయలు వాడి ఇంటిపేరు కిల్లో. టెన్త్ మెమోలో ఇంగ్లీషులో రెండు ఎల్లులు ఉన్నాయి. ఆధార్‌లో ఒక ఎల్ ఎగిరిపోయి కిలో అయింది. మేము వాణ్ణి రెండేళ్ళు "కేజీ ఎంతరా" అని ఏడిపించాం. ఆ ఒక్క అక్షరం సర్టిఫికెట్ల పరిశీలన రోజున అడ్డం పడుతుందని అప్పుడు తెలిస్తే నవ్వేవాళ్ళం కాదు. మా అందరికీ కలిపి చూస్తే ఐదుగురిలో నలుగురికి ఏదో ఒక తేడా ఉంది. ఒకడికి నాన్న పేరు, ఒకడికి పుట్టిన తేదీ. పుట్టిన తేదీల సంగతి అయితే మనకి తెలిసిందే, బడిలో చేర్చుకున్న మాస్టారు ఏ తేదీ రాస్తే అదే. మాలో ముగ్గురం జూన్లోనే పుట్టాం!

మేము పెట్టుకున్న పద్ధతి ఏంటంటే టెన్త్ మెమోయే అసలు, మిగతావన్నీ దానికి సరిపోవాలి. ఆధార్‌లో పేరు జీవితంలో 2 సార్లు, పుట్టిన తేదీ 1 సారి మాత్రమే మార్చనిస్తారు, కాబట్టి తొందరపడి సెంటర్లో కూర్చున్నవాడు ఏది కొడితే అదని ఊరుకోకండి, స్క్రీన్ మీద అక్షరం అక్షరం చదివి ఊ అనండి. ఇంకోటి, కుల ధ్రువపత్రం. మన రాష్ట్రం ఇచ్చేది ఒక నమూనా, కేంద్ర ఉద్యోగాలకి అడిగేది ఇంకో నమూనా. అది నోటిఫికేషన్ చివర్లోనే ఉంటాది, దాని ప్రకారం సంతకం చేయించుకోవాలి. మాలో ఒకడు దీనికోసం ఒక ఆఫీసుకి మూడుసార్లు తిరిగాడు. రెండుసార్లు సారు లేరు, ఒకసారి నెట్ లేదు. ఒక్కో తిరుగుడుకి ఘాట్ రోడ్డు మీద రానూపోనూ ఒక రోజు, క్లాసు పోవడం, చార్జీలు. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే గడువు అయిపోద్ది. సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడే ఆ పని పెట్టుకోండి.

అనంతగిరి వాడికి జరిగింది ఇంకా వింత. వాడు వాల్మీకి. మన ఏజెన్సీలో వాల్మీకులు ఎస్టీ, మైదానంలో బీసీ. సిటీలో నెట్ సెంటర్ కుర్రాడు కులం పేరు చూసి, అడగకుండానే బీసీ మీద క్లిక్ కొట్టేశాడు. ఫీజు అడిగేసరికి వీడికి అనుమానం వచ్చింది, ఎందుకంటే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షలకి ఎస్టీలకి ఫీజే లేదు. అలా దొరికిపోయింది. ఫీజు లేదని ముందే తెలియకపోతే 100 రూపాయలు కట్టేసి, వయసు సడలింపూ రిజర్వేషనూ వదులుకుని ఇంటికొచ్చేవాడు. అప్పటి నుంచి మా అప్లికేషన్లు మేమే నింపుతున్నాం, ఒకడు టైపు చేస్తే ఇంకొకడు పక్కన కూర్చుని పైకి చదవాలి. నెట్ సెంటర్ వాడికి ఇచ్చే 100, 150 కూడా మిగిలాయి.

ఫీజుల గురించి వచ్చింది కాబట్టి చెప్తున్నాం. రైల్వేలో ఎస్టీలు 250 కడతారు గాని, పరీక్ష రాస్తే బ్యాంకు చార్జీలు పోను తిరిగి వేస్తారు. అందుకే బ్యాంకు ఖాతా నంబరు సరిగ్గా ఇవ్వాలి, పరీక్షకి వెళ్ళాలి. సెంటరు దూరం పడితే ఎస్సీ, ఎస్టీలకి స్లీపర్ క్లాసులో ఉచిత పాసు ఇస్తారు, అప్లికేషన్లో అది కావాలని పెట్టాలి. మాలో ఒకడు మొదటిసారి ఆ గడి దగ్గర "వద్దు" అని పెట్టేశాడు, ఏదో మోసం అనుకుని.

మోసం అంటే నిజంగా మోసం జరిగింది ముంచంగిపుట్టుకి. రాయాలా వద్దా అని వాడినే అడిగాం, మండలం పేరు కూడా పెట్టమన్నాడు. అక్టోబరులో ఫోను వచ్చింది. ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ స్టాఫ్, నెలకి 22,000, యూనిఫాంకీ ట్రైనింగుకీ 4,500 కడితే ఆఫర్ లెటర్ అన్నారు. వాడు మాకు చెప్పలేదు. చెప్తే మేమూ పోటీకి వస్తామని కాదు, ఉద్యోగం కొట్టి ఒకేసారి చెప్పి ఆశ్చర్యపరుద్దామని. వాళ్ళ నాన్న సంతలో మిరియాలు అమ్మిన డబ్బు పంపించాడు. లెటర్ వచ్చింది, స్టాంపు కూడా ఉంది. వారం తర్వాత ఇంకో 6,000 అడిగారు. అప్పుడు అర్థమైంది. మూడు వారాలు వాడు మాతో సరిగ్గా మాట్లాడలేదు, మెస్‌కి ఆలస్యంగా వచ్చేవాడు. మేము పరీక్షల టెన్షన్ అనుకున్నాం. ఒక రాత్రి లైటు ఆర్పాక చెప్పాడు.

డబ్బు రాలేదు. 1930 కి ఫోను చేసి ఫిర్యాదు ఇచ్చాం గాని మూడు వారాలు ఆలస్యం, వెంటనే చేసి ఉంటే ఆ ఖాతాలో డబ్బు ఆపే అవకాశం ఉండేది. వాడి బాధ 4,500 గురించి కాదు. "మా నాన్న ఊళ్ళో అందరికీ చెప్పేశాడురా, విమానాల దగ్గర ఉద్యోగం అని." దానికి మా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత గదిలో ఒక రూలు పెట్టుకున్నాం. ఉద్యోగం గురించి ఏ ఫోను వచ్చినా స్పీకర్ పెట్టి నలుగురి ముందు మాట్లాడాలి. డబ్బు మాట వస్తే అక్కడే పెట్టెయ్యాలి. సిగ్గు పడాల్సింది ఏదైనా ఉంటే అది ఐదుగురి సిగ్గు.

ఇక ఇంటి దగ్గర వాళ్ళ ఆలోచన. మా ఐదుగురి ఇళ్ళలోనూ ఒకటే మాట, మాస్టారు అవ్వమని. వాళ్ళ తప్పు లేదు. వాళ్ళు కళ్ళారా చూసిన ఉద్యోగం అది. 2000 జనవరిలో వచ్చిన 3వ నంబరు జీవో వల్ల ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులు నూటికి నూరూ స్థానిక గిరిజనులకే వచ్చాయి. మా ఊళ్ళలో పెంకుటిల్లు స్లాబు అయిందంటే ఆ ఇంట్లో ఒక మాస్టారు ఉన్నట్టే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ సంగతి మాకు తెలుసు, బంద్‌లు తెలుసు, ర్యాలీలకి మేమూ వెళ్ళాం. కానీ మా అమ్మానాన్నల లెక్కలో ఆ దారి ఇంకా తెరిచే ఉంది. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ జరిగినప్పుడు "నీకెందుకు రాలేదు" అని ఇంకా బీఈడీ కూడా లేని మమ్మల్ని అడిగారు.

దీని మీద మాలో వాదన చాలా అయింది. జీవో కోసం పోరాటం మన హక్కు, ఆ మాట ఎవరూ కాదనరు. కానీ అది తిరిగి వచ్చేదాకా ఆగుతాం అనుకుంటే మన వయసు ఆగదు. ర్యాలీకి వెళ్ళిన రోజు సాయంత్రం కూడా ఫారం నింపాం. ఎవరైనా దీన్ని తప్పు పడితే పట్టండి, కింద రాయండి, చదువుతాం.

ప్రైవేటు వైపు మాకు తెలిసింది తక్కువ. అయినా ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. రెజ్యూమే రాయమంటే హుకుంపేట వాడు పేరు, చదువు, మార్కులు రాసి "అనుభవం" దగ్గర ఆగిపోయాడు. ఏమీ లేదన్నాడు. మేమూ అదే అనుకున్నాం. అమ్మాయిల హాస్టల్ నుంచి చదివి ఇప్పుడు ఒక సంస్థలో పనిచేస్తున్న అక్క ఒకామె ఉంది, ఆమెకి చూపించాం. ఆమె వాణ్ణి కూర్చోబెట్టి పోలీసులా అడిగింది. సెలవుల్లో ఏం చేస్తావు? ఆరోగ్య శిబిరం అయితే డాక్టరు గారికి మా వాళ్ళు కువిలో చెప్పింది తెలుగులో చెప్తాను. ఎన్నాళ్ళ నుంచి? ఇంటర్ నుంచి. మొదటి సంవత్సరం కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టులో ఏం చేశావు? మా పంచాయతీలో ఊటనీళ్ళ మీద ఇంటింటి సర్వే చేశాను. ఎన్ని ఇళ్ళు? 112. కాఫీ? మా చుట్టుపక్కల ఆరు కుటుంబాల పళ్ళు తూకం వేయించి లెక్క రాస్తాను, వాళ్ళకి లెక్క రాదు కదా.

"ఇది అనుభవం కాదా?" అంది అక్క. భాషలు అన్న వరస చివర్లో ఉంటే తీసి పైకి పెట్టించింది. కువి, ఆదివాసీ ఒడియా, తెలుగు, కొంచెం హిందీ, ఇంగ్లీషు చదవడం. మన కొండల్లో పనిచేసే సంస్థలకీ, ఆరోగ్యం, వ్యవసాయం వాళ్ళకీ సిటీలో ఎంత ఇంగ్లీషు వచ్చినవాడు దొరికినా కువి వచ్చినవాడు దొరకడు. మనం బస్సులో గట్టిగా మాట్లాడటానికి సిగ్గుపడే భాష అది. ఆ రెజ్యూమేతో వాడికి రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. ఒకటి పోయింది, ఒకటి పరీక్షల తర్వాత రమ్మన్నారు. ఖాయం కాదు.

జి.మాడుగుల వాడికి నిజంగానే ఆఫర్ వచ్చింది, ఒక జాబ్ మేళాలో. హైదరాబాదులో గోదాములో సరుకు లెక్కలు చూసే పని, 13,500. కోతలు పోను చేతికి 11,900. రాత్రి కూర్చుని లెక్క వేశాం. ముగ్గురు కలిసి ఉంటే గదికి 3,000, తిండికి 4,000, బస్సుకి 1,000, ఫోనుకి 300. మిగిలేది 3,600. దాంట్లో ఇంటికి పంపాలి, పండగకి రావాలి. అయినా వాడు ఒప్పుకునేవాడే. కానీ వారంలో చేరమన్నారు. చేరితే ఆరో సెమిస్టరు పోద్ది. ఏప్రిల్ దాకా ఆగమని అడిగితే కుదరదన్నారు. వదిలేశాడు. మాలో ఇద్దరం ఇప్పటికీ వాడు తప్పు చేశాడనే అంటాం. ఇంటికి 2,000 పంపినా వాళ్ళ చెల్లి ఇంటర్‌కి పనికొచ్చేది. మిగతా ముగ్గురం డిగ్రీ లేకుండా ఆ గోదాములో ఐదేళ్ళు ఉన్నా అదే కుర్చీ అంటాం. తేలలేదు.

మొత్తం లెక్క దాచుకోకుండా చెప్తాం. ఆగస్టు నుంచి ఈ జనవరి దాకా ఐదుగురం కలిపి 23 అప్లికేషన్లు వేశాం. 9 పరీక్షలు రాశాం. 2 మొదటి దశ దాటాయి. ఇంటర్వ్యూలు 3. చేతిలో ఉద్యోగం సున్నా. మాలాగే వేస్తున్నవాళ్ళు ఈ గ్రూపులో ఉంటే మీ లెక్క కూడా రాయండి. పాసైనవాళ్ళ ఫోటోలకి దండలు వేసి పెడుతున్నాం, మంచిదే, కానీ దానికి ముందు ఎన్నిసార్లు పోయిందో ఎవరూ రాయట్లేదు.

పని ఎలా పంచుకున్నామంటే, ఒకడు కేంద్ర ఉద్యోగాలు చూస్తాడు, ఒకడు రాష్ట్రానివి, ఒకడు ప్రైవేటూ అప్రెంటిస్‌షిప్‌లూ. పెదబయలు వాడు అందరి కాగితాల ఫైలు కాస్తాడు, పేరు దెబ్బ తిన్నవాడు కాబట్టి వాడికే జాగ్రత్త ఎక్కువ. ముంచంగిపుట్టు వాడు డబ్బు చూస్తాడు, నెలకి తలా 50. ఆదివారం సాయంత్రం 4 నుంచి 6 దాకా మేడ మీద కూర్చుంటాం. లైబ్రరీలో పేపర్ల ప్రతిభ, భవిత పేజీలు చూసినవాడు ఆ వారం ముఖ్యమైనవి చెప్తాడు, తర్వాత ఒకరిని కుర్చీలో కూర్చోబెట్టి "నీ గురించి చెప్పు" అని అడుగుతాం. మొదటి నెల అంతా నవ్వులే. ఇప్పుడు రెండు నిమిషాలు ఆగకుండా చెప్తున్నాం, ఇంగ్లీషులో తప్పులతోనే. ఈ ఊళ్ళోనే ఎస్సీ ఎస్టీల కోసం కేంద్ర ప్రభుత్వ నేషనల్ కెరీర్ సర్వీస్ సెంటర్ ఉందని మాకు మూడో ఏడు గాని తెలీలేదు. జూనియర్లూ, మీరు మొదటి ఏడే వెళ్ళి చూడండి.

ఏప్రిల్ తర్వాత ఏంటి అన్నది ఇంకా పూర్తిగా కుదరలేదు. అనుకున్నది ఇది. ఇద్దరం పాడేరులో గది తీసుకుంటాం, అద్దె ఐదుగురం పంచుకుంటాం. మిగతా ముగ్గురం ఇంటి పనులు చూసుకుంటూ ప్రతి సంత రోజూ కిందకి దిగుతాం. సంతకి ఎలాగూ అమ్మతోనో నాన్నతోనో దిగుతాం కదా, అదే మా నోటిఫికేషన్ రోజు. సిగ్నల్ ఉన్న చోట కూర్చుని మెయిల్ చూసుకోవాలి, రీచార్జి చూసుకోవాలి. ఒక సంతకి మనిషి కనపడకపోతే పాడేరులో ఉన్నవాళ్ళు ఆ ఊరి జీపు వాళ్ళతో కబురు పంపాలి. అప్లికేషన్లో రెండో నంబరు అడిగిన చోట పాడేరు గది వాళ్ళ నంబరు ఇస్తున్నాం.

ఇంటికి ఫోను చేసినప్పుడు పెదబయలు వాళ్ళ అమ్మకి ఈ ఏర్పాటు అంతా చెప్పాడు. ఆవిడ అంతా విని, "అయితే సంతకి బుట్ట మొయ్యడానికి ఒకడున్నాడన్న మాట" అంది.

ఈ శుక్రవారం వాడు ఆధార్‌లో పోయిన ఎల్ కోసం మొదటి బస్సుకి పాడేరు వెళ్తున్నాడు. ఆ దారిలో ఇంకెవరైనా సర్టిఫికెట్ పని మీద వెళ్తుంటే కింద రాయండి, కలిసి వెళ్ళొచ్చు. క్యాలెండర్ గోడ మీదే వదిలేసి వెళ్తాం, వచ్చే ఏడు ఆ గదిలోకి వచ్చేవాళ్ళు చింపకండి.